ఖర్చు పుట్టేది ఒకచోట, కోత పెట్టేది మరోచోట

ఈ నెల నుంచి పొదుపుగా ఉందామని ఇంట్లో అనుకున్నారంటే మొదటి వేటు దేనిమీద పడుతుందో ఇట్టే చెప్పొచ్చు. పిల్లల చిరుతిళ్ళు, బయట తాగే కాఫీ, ఎప్పుడో ఒకసారి చూసే సినిమా. పది పదిహేను రోజులు అందరూ బిగబట్టుకుంటారు. నెలాఖరుకు చూస్తే మిగిలింది అంతంతమాత్రం, ఇంట్లో చిరాకులు మాత్రం బోలెడు. 'మనవల్ల కాదులే' అనుకుని మళ్ళీ పాత దారిలో పడతారు.

పట్టుదల లేక ఇలా జరగదు. చేత్తో తీసి ఇచ్చే డబ్బే మనకు ఖర్చులా అనిపిస్తుంది. ఖాతాలోంచి తనంతట తానే వెళ్ళిపోయే అద్దె, వాయిదా, బీమా, యాప్‌లకూ ఛానెళ్ళకూ కట్టే చందా కంటికి ఆనవు. ఎప్పుడో ఒకరోజు వాటికి సరేనన్నాం, ఆ తర్వాత వాటిని 'ఎలాగూ కట్టాల్సినవే' అని వదిలేశాం. డబ్బు చేజారేది నెలనెలా, దానికి ఒప్పుకున్నది మాత్రం ఎప్పుడో. కోత గట్టిగా పనిచేసేది ఆ ఒప్పుకునే రోజునే. నెల మధ్యలో ఎంత పిసినారితనం చూపించినా దాని ముందు చిన్నదే.

ఊరికే ఒక లెక్క వేసుకుందాం. ఆదాయం 100 అనుకుంటే అద్దెకు 30, వాయిదాలకూ వాహనానికీ 20, తిండికి 25, చిల్లర సరదాలకు 5 పోతున్నాయి అనుకోండి. ఇంటిల్లిపాదీ ముఖాలు మాడ్చుకుని సరదాలు సగానికి తగ్గిస్తే మిగిలేది రెండున్నర. ఇల్లు మారే రోజున ఒక గది తక్కువున్న ఇల్లు చూసుకుంటే, అద్దె 30 నుంచి 25కు దిగితే, ఒక్క నిర్ణయంతో 5 మిగులుతుంది. అదీ ప్రతినెలా, ఎవరూ దేన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా. అందుకే చిన్న ఖర్చుల మీద యుద్ధం ప్రకటించే సలహాలంటే నాకు పెద్ద గురి లేదు. అవి అబద్ధం కావు, కానీ మనిషికి ఉన్న కాస్త ఓపికనూ తక్కువ ఫలితం ఇచ్చే చోట ఖర్చు చేయిస్తాయి.

వాహనం సంగతీ అంతే. పెట్రోలు ధర గురించి రోజూ మాట్లాడుకుంటాం. బండి కొన్న రోజు నుంచి దాని విలువ కరిగిపోతూ ఉంటుందే, ఆ తరుగుదల గురించి ఎవరూ మాట్లాడరు. బిల్లు రాదు కాబట్టి అది ఖర్చుగా తోచదు. కొత్త కారు విలువ ఎక్కువగా పడిపోయేది మొదటి కొన్నేళ్ళలోనే. మూడు నాలుగేళ్ళు వాడిన బండిని కొన్నవారు ఆ దెబ్బను మొదటి యజమానికి వదిలేసినట్టే. టైర్లలో గాలి సరిగ్గా ఉంచడం, అనవసరంగా బ్రేకులు తొక్కకపోవడం మంచివే, కానీ ఏ బండి కొనాలి, అసలు రెండోది కొనాలా అన్న నిర్ణయం ముందు అవి నిలవవు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పైన చెప్పిందంతా కాస్తో కూస్తో కదిలే వీలున్న కుటుంబాలకు. ఎర్నెస్ట్ ఏంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లో బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల లెక్కలు పరిశీలించి, ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని తేల్చాడు. ఆ మాట ఈనాటికీ నిలబడుతోంది. సంపాదనలో సగం తిండికే పోయే ఇంటికి 'సరదాలు తగ్గించుకోండి' అని చెప్పడం వెక్కిరించినట్టే ఉంటుంది. పైగా లేనివారే ఎక్కువ ధర కడతారు. చేతిలో డబ్బు ఉన్నప్పుడల్లా కొంచెం కొంచెం కొనే చిన్న పొట్లంలో గ్రాము ధర తరచు ఎక్కువ. మన్నిక లేని చెప్పులు ఏడాదికి రెండు జతలు అరిగిపోతాయి. అవసరానికి దొరికే అప్పుకు వడ్డీ ఎక్కువ. ఇలాంటి ఇంట్లో ముందు చూడాల్సింది ఖర్చు కోత కాదు, వడ్డీ కోత. ఆ తర్వాత, ఒకేసారి ఎక్కువ కొనగలిగేంత చిన్న మూలధనం చేతిలో నిలబెట్టుకోవడం.

వడ్డీ అంటున్నాం కాబట్టి అది ఎలా తినేస్తుందో దగ్గరగా చూద్దాం. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు 3 శాతం వడ్డీ అనగానే తక్కువేనని తోస్తుంది. వడ్డీ మీద వడ్డీ కలుపుకుంటే అది ఏడాదికి 42 శాతం దాటుతుంది. నెలనెలా బాకీలో 5 శాతం చొప్పున 'కనీస మొత్తం' కడుతూ పోయేవారి పరిస్థితి చూడండి. బాకీ 100 ఉంటే, కట్టిన 5లో 3 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 2. ఏడాదిపాటు ఒక్క నెల తప్పకుండా, కార్డు మళ్ళీ గీకకుండా కట్టినా మొత్తం కట్టింది దాదాపు 54, ఇంకా మిగిలిన బాకీ 78కి పైనే. క్రమం తప్పకుండా కడుతున్నామన్న తృప్తి ఒకటి, తీరని అప్పు ఒకటి. వంటింట్లో ఎంత పొదుపు చేసినా ఈ చిల్లును పూడ్చలేం.

అప్పులు రెండు మూడు ఉన్నప్పుడు దేన్ని ముందు తీర్చాలన్నది పాత చర్చ. లెక్క ప్రకారమైతే వడ్డీ ఎక్కువున్నదాన్ని. చిన్న అప్పును ముందు తీర్చేస్తే ఒక తలనొప్పి పోయిందన్న ఉత్సాహం వస్తుందని ఇంకొందరు అంటారు. వడ్డీ రేట్లలో పెద్ద తేడా లేకపోతే ఆ ఉత్సాహానికే ఓటు వేస్తాను. తేడా ఎక్కువగా ఉంటే మాత్రం మనసు మాట వినకూడదు. ఇక 'వడ్డీ లేని వాయిదాలు' అన్న ప్రకటన చూసినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: మొత్తం డబ్బు ఇప్పుడే కట్టేస్తే ఎంతకు ఇస్తారు? తగ్గించి ఇస్తామంటే ఆ తేడాయే వడ్డీ, వేరే పేరుతో. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ అందులోదే.

మీటర్లు తిరిగే చోట

కరెంటు, నీళ్ళు, గ్యాసు ఖర్చులో అద్దెలా ఒక్క రోజు నిర్ణయం లేదు. కానీ ఇక్కడా మన చూపు తప్పు చోటే పడుతుంది. లైటు వేసి వదిలేశారని పిల్లల మీద అరవని ఇల్లు ఉండదు. లైటు కనిపిస్తుంది, అరవడానికి వీలుగా ఉంటుంది. అసలు కరెంటు తాగేవి వేడిని పుట్టించే యంత్రాలు, చల్లబరిచే యంత్రాలు.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4.2 కిలోజౌళ్ళ శక్తి కావాలి. 100 లీటర్లను 20 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 2.3 యూనిట్ల కరెంటు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అదే కరెంటుతో 250 గంటలకు పైగా, అంటే పది రోజులు ఆపకుండా వెలుగుతుంది. నిమిషానికి 9 లీటర్లు వదిలే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 90 లీటర్లు పోతాయి, అదంతా వేడినీళ్ళు కానక్కర్లేదు కానీ ఎక్కువ భాగం అదే. ఒక బకెట్ నీటితో స్నానం ముగిస్తే అయ్యేది అందులో నాలుగో వంతు. కాబట్టి పిల్లాడు రాత్రంతా లైటు ఆర్పలేదని కోప్పడే నాన్నగారు, పొద్దున గీజర్ వేసి ఫోన్‌లో పడి అరగంట మరిచిపోతే ఆ కోపానికి అర్థం లేదు.

ఏ యంత్రం ఎంత తింటుందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. దాని మీద రాసి ఉన్న వాట్లను, రోజుకు వాడే గంటలతో గుణించి, వెయ్యితో భాగిస్తే యూనిట్లు. పాతరకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దరిదాపుల్లో. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాన్ అయితే ఏడాదికి దాదాపు 200 యూనిట్ల తేడా. రోజుకు అరగంట తిరిగే అతిథుల గదిలో ఫ్యాన్ మార్చితే ఆ ఖర్చు ఎప్పటికీ తిరిగి రాదు. కొత్త పరికరం కొనాలా వద్దా అన్నదానికి ఇదే కొలత: అదనంగా పెట్టే ధరను ఏడాదికి మిగిలే డబ్బుతో భాగించండి, వచ్చిన సంఖ్య ఆ పరికరం బతికే ఏళ్ళకన్నా బాగా తక్కువగా ఉండాలి. ఫ్రిజ్, ఏసీల విషయంలో ఈ లెక్కకు ఇంకా బలం ఇచ్చేది మెట్లమెట్లుగా పెరిగే కరెంటు ధర. చాలాచోట్ల వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. అంటే మనం తగ్గించే చివరి యూనిట్లే అన్నిటికన్నా ఖరీదైనవి.

స్విచ్ ఆపకుండా రిమోట్‌తో ఆపేసిన పరికరాల మాట కూడా చెప్పుకోవాలి. 5 వాట్లు లాగుతూ ఏడాది పొడవునా కూర్చుంటే 44 యూనిట్లు. ఒక్కటైతే పోనీలే అనొచ్చు, ఇంట్లో అలాంటివి నాలుగైదు ఉంటాయి. ఇప్పటి టీవీలు, ఛార్జర్లు ఇంతకన్నా చాలా తక్కువే లాగుతాయి, అసలు దొంగలు పాత సెట్‌టాప్ బాక్సులు, పాత సౌండ్ సిస్టమ్‌లు.

ఇందులో ఒక మెలిక ఉంది. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఆర్థికవేత్త ఒక విడ్డూరం గమనించాడు. తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసే ఆవిరి యంత్రాలు వచ్చాక బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గాల్సింది పోయి పెరిగింది. ఇళ్ళలోనూ చిన్న ఎత్తున అదే జరుగుతుంది. తక్కువ కరెంటు ఏసీ వచ్చిందని మూడు గంటలు వేసేది ఎనిమిది గంటలు వేస్తాం. పరికరం మార్చిన ఇంట్లో వాడకం కూడా ఒక ఏడాది పాటు చూసుకోకపోతే, పెట్టిన డబ్బూ పోయి బిల్లూ తగ్గక రెండింటికీ చెడ్డట్టవుతుంది.

పొయ్యి దగ్గర చెప్పుకోదగ్గది ఒకటే. నీళ్ళు ఒకసారి మరిగాక మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీలు దాటదు. పెంచిన మంటంతా ఆవిరి కావడానికే పోతుంది, ఉడకడం త్వరపడదు. మరగగానే మంట తగ్గించి మూత పెట్టడం అన్నది పాతకాలపు పెద్దల చాదస్తం కాదు, భౌతికశాస్త్రం. కుక్కర్‌లో పీడనం వల్ల నీరు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అందుకే త్వరగా ఉడుకుతుంది. విజిల్ వచ్చాక కూడా మంట తగ్గించాల్సిందే.

నీటి సంగతి క్లుప్తంగా: సెకనుకో చుక్క కారే కుళాయి రోజుకు 20 లీటర్ల పైనే పోగొడుతుంది. ఫ్లష్ ట్యాంకు లీకు కంటికి కనిపించదు, చెవికి వినిపించదు. ట్యాంకులో నాలుగు చుక్కల రంగు వేసి పావుగంట ఫ్లష్ చేయకుండా చూడండి. కింద కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి వాషర్ పోయినట్టు.

సంచీ, డబ్బా, చెత్తబుట్ట

సరుకుల విషయంలో అందరికీ తెలిసిన సలహాలే తిరుగుతుంటాయి: జాబితా రాసుకోండి, ఆకలితో వెళ్ళకండి, వంద గ్రాముల ధర చూడండి. మంచివే. వంద గ్రాముల ధర చూడటం ఇప్పుడు మరీ అవసరం, ఎందుకంటే ధర పెంచితే గోల అవుతుందని కంపెనీలు ధర అలాగే ఉంచి బరువు తగ్గిస్తున్నాయి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవడమూ పొరపాటే. అది చవకేనని మనం నమ్ముతాం కాబట్టే కొన్నిసార్లు ధర ఎక్కువ పెట్టేస్తారు. 'రెండు కొంటే ఒకటి ఉచితం' అంటే మూడింట ఒక వంతు తగ్గింపు, అదీ మూడూ వాడుకుంటేనే. మూడోది అల్మారాలో పాడైతే తగ్గింపు సున్నా.

కానీ తిండి ఖర్చులో అసలు కథ కొనే దగ్గర కాదు, పారేసే దగ్గర జరుగుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం హోటళ్ళ నుంచో దుకాణాల నుంచో కాదు, ఇళ్ళ నుంచి వచ్చింది. ఒక్కొక్కరికి సగటున ఏడాదికి 79 కిలోలు. నలుగురున్న ఇంటికి 300 కిలోల పైమాటే. ఇందులో తొక్కలు, ఎముకల వంటివీ కలిసే ఉన్నాయి, అయినా తక్కువేం కాదు. ధర తగ్గిందని పావుకిలో ఎక్కువ కొని, ఆ పావుకిలోను నాలుగో రోజు చెత్తలో వేసే ఇంటికి తగ్గింపు ధర వల్ల ఒరిగేదేమీ ఉండదు.

దీనికి నాకు తెలిసిన పద్ధతుల్లో బాగా పనిచేసేది, విసుగు పుట్టించనిది ఒకటుంది. ఒక నెల పాటు పారేసినవి మాత్రమే రాయడం. కొన్నవి కాదు. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి, పారేసిన ప్రతిసారీ ఏమిటో, ఎందుకో రెండు ముక్కలు: 'కొత్తిమీర, సగం కట్ట, కుళ్ళింది', 'నిన్నటి కూర, ఎవరూ తినలేదు', 'పెరుగు, వెనకాల ఉండిపోయింది'. నెల తిరిగేసరికి ఆ కాగితం ఇంటి గుట్టు విప్పేస్తుంది. సాధారణంగా రెండు మూడు పేర్లే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఎక్కువ కొంటున్నామా, ఎక్కువ వండుతున్నామా, కనపడని చోట పెడుతున్నామా అన్నది వేర్వేరు రోగాలు, మందూ వేరే. పాతవాటిని ముందు వరసలోకి జరిపితే మూడోదానికి చాలు. ఫ్రిజ్‌ను 4 డిగ్రీల దగ్గర ఉంచితే కొన్ని ఇంకో రెండు రోజులు బతుకుతాయి. ప్యాకెట్ల మీద 'ఈ తేదీలోపు మేలు' అని ఉంటే అది రుచికి, నాణ్యతకు సంబంధించిన తేదీ. 'ఈ తేదీ తర్వాత వాడరాదు' అన్నది వేరు, దానితో ఆటలాడకూడదు. మొదటి రకం తేదీని రెండోదిగా చదివి మంచి సరుకు పారేసే ఇళ్ళు లెక్కలేనన్ని.

లెక్క రాయడం గురించి

ఖర్చులన్నీ రాయమని చెప్పడం తేలిక. జపాన్‌లో హాని మోతోకో అనే పత్రికా రచయిత్రి 1904లో గృహిణుల కోసం పద్దు పుస్తకం తెచ్చింది, అలాంటివి ఇప్పటికీ అక్కడ వాడతారు. చేత్తో రాయడంలో ఉన్న బలం ఏమిటంటే, రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఫోన్ యాప్ మనకోసం అన్నీ తనే రాసేస్తుంది, అందుకే దాన్ని తెరిచి చూసేవారు తక్కువ. ఒకటి రెండు నెలలు రాస్తే చాలు, జీవితమంతా రాయనక్కర్లేదు.

నెల లెక్కలో పట్టుబడనివి ఏడాదికి ఒకసారి వచ్చేవి. బీమా, ఫీజులు, బండి మరమ్మతు, ఆత్మీయుల ఇళ్ళలో వేడుకలు. ఇవి వచ్చిన నెలలో 'ఈసారి అనుకోని ఖర్చు తగిలింది' అంటాం. ప్రతి ఏడాదీ తగిలేది అనుకోనిదెలా అవుతుంది? గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని అలాంటివన్నీ కూడి 12తో భాగిస్తే వచ్చేదాన్ని నెలనెలా వేరే ఖాతాలో వేస్తూ పోవాలి. చాలా ఇళ్ళలో కార్డు బాకీ మొదలయ్యేది ఈ 'అనుకోని' నెలల్లోనే.

అదే స్టేట్‌మెంట్‌లో చందాలు కూడా బయటపడతాయి. వాటికి మందు ఒకటే, అన్నీ ఒకేరోజు రద్దు చేయడం. ఏది లేకపోతే నిజంగా ఇబ్బందైందో దాన్నే మళ్ళీ తీసుకోవడం. 'ఏది తీసేద్దాం' అని కూర్చుంటే ఒక్కటీ తీసేయలేం.

ఇన్ని చేసినా డబ్బు కనపడదంటారు కొందరు. ఇది నిజమే, దీనికి కారణమూ ఉంది. 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న రిచర్డ్ థేలర్ చెప్పినట్టు, మనం డబ్బును మనసులో వేర్వేరు పద్దుల్లో పెట్టుకుంటాం, ఏ పద్దులో ఉందన్నదాన్ని బట్టి ఖర్చు చేస్తాం. 'మిగిలింది' అన్న పద్దులో ఉన్న సొమ్ము వేగంగా కరిగిపోతుంది. కరెంటు బిల్లు తగ్గిందంటే ఆ తేడా ఆ రోజే అప్పుకో పొదుపు ఖాతాకో వెళ్ళాలి. లేకపోతే నెలాఖరుకు దానిమీద ఎవరి పేరూ ఉండదు.

కోయకూడనివీ ఉన్నాయి. ఆరోగ్య బీమా, బండికి ఆయిల్ మార్చడం, పంటి నొప్పి, కప్పు కారడం. వీటిలో వాయిదా వేసిన ఖర్చు తర్వాత తడిసి మోపెడవుతుంది. ఇంకొకటి, లెక్కలోకి రాని ఖర్చు: ఇంట్లో చేసుకుంటే చవక అన్న ప్రతి పనికీ ఎవరివో గంటలు పోతున్నాయి. చాలా ఇళ్ళలో ఆ ఎవరో ఇల్లాలే. బయటి పొడులు మానేసి ఇంట్లో దంచుకుందాం, పనిమనిషిని మాన్పించేద్దాం అని భర్త ఉత్సాహంగా అన్నాడంటే, అందులో తన చేతులెంత పడతాయో కూడా ఆ మాటతోపాటే చెప్పాలి. లేకపోతే అది పొదుపు కాదు, ఒకరి జేబులో మిగల్చడానికి ఇంకొకరి నడుము విరగ్గొట్టడం.

కుటుంబంలో పొదుపు నిలవాలంటే ఇంట్లో ప్రతి ఒక్కరికీ, పిల్లలతో సహా, లెక్క అడగని కాస్త సొమ్ము నెలనెలా ఇవ్వాలి. ఎంత చిన్నదైనా ఫరవాలేదు, దేనికి ఖర్చు పెట్టావన్న ప్రశ్న మాత్రం ఉండకూడదు. మొదట్లో వేటు పడ్డ ఆ కాఫీ, ఆ చిరుతిళ్ళు ఇందులోంచే వస్తాయి. అద్దె, అప్పు, గీజర్, పారేసే తిండి గురించి మాట్లాడుకునేటప్పుడు, నువ్వు నిన్న ఏం కొన్నావన్న గొడవ మధ్యలో రాకుండా ఉండటానికి ఆ సొమ్ము ఇచ్చేది.